స్వర్గం సరే, ఆ భూమి ఎవరిదో తెలుసా

నిన్న రాత్రి నిద్ర పట్టక ఫోన్ చూస్తుంటే ఓ రీల్ వచ్చింది. జపాన్‌లో మినామి దైతో అనే దీవి, డ్రోన్ షాట్లు, పైన "ఎవ్వరికీ తెలియని స్వర్గం" అని పెద్దక్షరాలు. ఒళ్ళు మండింది. ఈ దీవి అంటే నాకు రెండేళ్ళ నుంచి పిచ్చి, కనిపించిందల్లా చదువుతున్నా, వెళ్ళింది లేదు, వెళ్ళేంత డబ్బులూ లేవు, అది వేరే సంగతి.

అసలు అక్కడ ఇసుక బీచే లేదు బాబూ. జపాన్ దక్షిణ కొసన ఉన్న ఒకినావా దీవికి తూర్పున 360 కిలోమీటర్ల అవతల నడిసముద్రంలో 30 చదరపు కిలోమీటర్ల పగడపు రాయి అది. చుట్టూ గట్టులా ఎత్తు, మధ్యలో పళ్ళెంలా పల్లం, అందులో చెరువులు, చెరుకు. ఓడ గట్టుకి ఆనే వీల్లేక అలల్లో ఊగుతూ కాస్త ఎడంగా ఆగుతుంది. క్రేన్ ఇనప బోను దించుతుంది, జనం అందులో ఎక్కి నిలబడతారు, గాల్లోకి లేపి గట్టు మీద దింపుతుంది. సామాన్లూ అంతే, మనుషులూ అంతే. ఈత కోసం ఒడ్డున రాయి తొలిచి గొయ్యి చేసుకున్నారు, అలలొచ్చి నింపి పోతాయి.

రీల్‌లో చెప్పనిది వేరే ఉంది. 1900 దాకా అక్కడ మనిషే లేడు. తామఓకి హన్‌ఎమోన్ అనే వ్యాపారి టోక్యోకి దక్షిణాన ఉన్న హచిజో దీవి నుంచి 23 మందిని పంపించి అడవి కొట్టించాడు, అడవితో పాటు అక్కడి పక్షులు కొన్ని పూర్తిగా పోయాయి, చెరుకు వచ్చింది. ముప్పై ఏళ్ళు సాగు చేస్తే భూమి మీదేనని ఆయన మాటిచ్చాడని రైతులు అనేవాళ్ళు. మాట మాటగానే మిగిలింది. దీవి మొత్తం కంపెనీదే, ఆ కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి చేతులు మారింది. బడి వాళ్ళది, ఆసుపత్రి వాళ్ళది, కొట్టు వాళ్ళది, చివరికి చెలామణీ అయ్యే కాగితం డబ్బు కూడా కంపెనీ అచ్చేసిందే! పంచాయతీ లాంటిది ఏదీ లేదు. పైన కంపెనీ ఉద్యోగులు, కింద హచిజో వాళ్ళు కౌలుదార్లు, వాళ్ళ కింద ఒకినావా నుంచి వచ్చిన కూలీలు. మారిషస్, ఫిజీ చెరుకు తోటలకి పోయిన మన తెలుగోళ్ళ కథలు విన్నవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఒకినావా, ఈ దీవులూ అమెరికా మిలిటరీ చేతికి పోయాయి, వాళ్ళ కింద 1946లో గానీ అది ఊరు అనిపించుకోలేదు. భూమి గొడవ ఇంకా నడిచింది, కంపెనీ మాదే అంది, రైతులు మాదే అన్నారు, చివరికి 1964లో తేలింది, సాగు చేసేవాళ్ళకి పట్టాలొచ్చాయి. విచిత్రం ఏంటంటే ఇందులో చెయ్యేసి తేల్చింది అప్పట్లో ఒకినావాని ఏలిన అమెరికా హై కమిషనర్ పాల్ కారవే. అంతకు ముందు ఏడాదే ఒకినావా వాళ్ళ స్వపరిపాలన ఒట్టి భ్రమ అన్నట్టు మాట్లాడి జనంతో తిట్లు తిన్న మనిషి ఈయనే! అక్కడ విలన్, ఇక్కడ దేవుడు. ఏమనాలో నాకైతే అర్థం కాలేదు.

మా తాతయ్య పొలం పాస్ బుక్కుని పాత పంచె ముక్కలో చుట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టేవాడు, మేం ముట్టుకుంటే కేకలేసేవాడు. అరవై నాలుగేళ్ళు ఎదురు చూసినోళ్ళు ఆ కాగితాన్ని ఎక్కడ దాచుకుని ఉంటారా అని ఆలోచిస్తూ కూర్చున్నా చాలాసేపు.

ఇప్పుడక్కడ పదమూడొందల మంది కూడా లేరు. హైస్కూల్ లేదు, పదిహేనేళ్ళకే పిల్లలు ఇల్లొదిలి పోవాల్సిందే.

ఇదంతా ఆ రీల్ కింద ఓపిగ్గా టైప్ చేసి పెట్టా. "బ్రో టికెట్ ఎంత" అని రిప్లై వచ్చింది. ఒకినావాలోని నాహా రేవు నుంచి ఓడలో పదిహేను గంటలు, చివర్లో క్రేన్ బోను అని చెప్పా. లైక్ కొట్టి వెళ్ళిపోయాడు.