విసనకర్రతో హరాకిరి

మా పక్క ఫ్లాటులో ఒక సబ్ ఎడిటర్ గారున్నారు. మొన్న ఆదివారం ఇరానీ హోటల్లో కూర్చోగానే "రాత్రి హరాకిరి నాదేనండీ" అన్నారు, కాలరు సర్దుకుంటూ. కంగారు పడకండి. ఎనిమిది వికెట్లు అప్పనంగా పారేసుకున్న జట్టుకు ఆయన పెట్టిన శీర్షిక: 'బ్యాటర్ల హరాకిరి'. అదే సంచిక మొదటి పేజీలో, టికెట్ రాక పార్టీ మారి, మారినచోటా టికెట్ రాని ఒక నేతది 'రాజకీయ హరాకిరి'. ఒక్క రోజులో తొమ్మిదిమంది కడుపు కోసుకున్నారు. ఒక్కరి చొక్కా గుండీ ఊడలేదు.

ఈ పదం పరువు కాపాడే బాధ్యత హఠాత్తుగా నా నెత్తిన పడ్డట్టనిపించింది.

జపనీయంలో 'హర' అంటే కడుపు, 'కిరి' అంటే కోత. పాతకాలపు జపాన్ యోధులు, అంటే సమురాయ్‌లు, పరువు కోసం కడుపు కోసుకుని ప్రాణం తీసుకునే తంతు అది. మనకేమో హరుడు శివుడు, కిరి అంటే పంది. ఇంగ్లీషువాళ్లు నోరు తిరక్క దాన్ని 'హరికరి' చేశారు. హరీ, కరీ కలిస్తే మన చెవికి గజేంద్రమోక్షమే. ప్రాణం తీసుకునే మాట ఇలా ప్రాణం కాపాడే కథైపోయింది, అదీ ఖర్చు లేకుండా. జపానువాళ్లు మర్యాదగా రాయాల్సి వస్తే అవే రెండు అక్షరాలు తిరగేసి 'సెప్పుకు' అంటారు. మా ఊళ్లో ఆ మాట వింటే 'సెప్పకు' అనుకుని నోరు మూసుకుంటారు.

అసలు తేడా అక్కడే ఉంది. సమురాయ్‌కి మనసుండే చోటు కడుపు. 'కడుపు చీల్చి మాట్లాడుకుందాం' అంటే ఇప్పటికీ వాళ్లకు దాపరికం లేకుండా మాట్లాడుకుందామనే. మనకు పెద్దలు నేర్పింది వేరు: కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది, అందుకని అన్నీ కడుపులో పెట్టుకో. ఇంత జాగ్రత్తగల జాతి ఆ పదాన్ని ఎందుకు అరువు తెచ్చుకున్నట్టు? భస్మాసుర హస్తం మనకు ఉండనే ఉందిగా! ఉంది. కానీ నాయకుణ్ణి భస్మాసురుడంటే అనుచరులు పత్రికాఫీసు ముందు బైఠాయిస్తారు. హరాకిరి అంటే ఆ ముక్క కత్తిరించి దాచుకుంటారు. తెల్లబట్టలు, కత్తి, చావుకు ముందు రాసే పద్యం, అంత హోదా ఉంది దానికి.

ఆ హోదా ఊరికే రాలేదు. 1701లో అసానో అనే ప్రభువు ఎదో నగరం (ఇప్పటి టోక్యో) కోటలో ఒక అధికారి మీద కత్తి దూశాడు. తీర్పూ, సెప్పుకూ అదే రోజు అయిపోయాయి. మన దగ్గరైతే అప్పటికి విచారణ కమిటీకి ఛైర్మన్ కూడా దొరకడు. అసానో పగ తీర్చిన పరివారంలో 46 మంది 1703లో ప్రభుత్వ ఆజ్ఞ మీద అదే దారిన పోయారు. (ఏలికలు తప్పుచేస్తే పోయేది ఎక్కువగా పరివారమే. ఇది ఏ దేశానికైనా వర్తించేలా ఉంది.)

పోనుపోను ఆ తంతులోనూ సౌకర్యాలు వచ్చాయి. ఆ ఎదో నగరం పేరుతోనే పిలిచే కాలంలో కొందరికి పళ్లెంలో కత్తికి బదులు విసనకర్ర పెట్టేవారు. మనిషి దాన్ని అందుకోబోతుండగానే వెనక నిలబడ్డవాడు తల తీసేవాడు. 1873లో జపాన్ ఈ శిక్షను చట్టంలోంచే ఎత్తేసింది. విసనకర్ర మనకొచ్చింది. రాజీనామా స్పీకర్ ఫార్మాట్‌లో ఉండదు, లేఖ మీద తేదీ ఉండదు, గాలి మాత్రం చల్లగా వస్తుంది. ఒక్క విషయంలో అసలు సంప్రదాయాన్ని తు.చ. తప్పక పాటిస్తున్నాం: వెనక కత్తి పట్టుకుని నిలబడేవాడు చాలాసార్లు ఆప్తమిత్రుడే.

ఇంకొకటి. సమురాయ్ తన కడుపే ఇచ్చుకునేవాడు. మన రాజకీయ హరాకిరిలో కోత నాయకుడిది, కడుపు ఇరవయ్యేళ్లు జెండా మోసినవాడిది. దీనికి జపాన్ దాకా పోనక్కర్లేదు, కడుపు కొట్టడం అని మనకే మాటుంది.

ఇదంతా చెప్పి, జపానులో ఇప్పటికీ వాడుకలో ఉన్న ఇంకో కోత గురించి కూడా సబ్ ఎడిటర్ గారికి వివరించాను. 'జిబర ఓ కిరు'. మాటకు మాట చూస్తే తన కడుపు తాను కోసుకోవడం. అర్థం మాత్రం ఖర్చు సొంత జేబులోంచి పెట్టుకోవడం. సరిగ్గా అప్పుడే కుర్రాడు బిల్లు తెచ్చాడు. రెండు చాయ్‌లు, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు.

ఆయన బిల్లు వైపు చూశారు, నా వైపు చూశారు. "ఉక్కపోతగా ఉందండీ" అంటూ, తన శీర్షిక ఉన్న పేపరు నిలువుగా మడిచి విసురుకోవడం మొదలుపెట్టారు.