ఇల్లు వెచ్చబడితే జపాన్ ఏమైపోవాలి?

2025 ఏప్రిల్ నుంచి జపాన్‌లో కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ చలి చొరబడకుండా గోడల్లో, కిటికీల్లో తగిన ఏర్పాటు ఉండి తీరాలని చట్టం వచ్చింది. కరెంటు ఆదా, పర్యావరణం, ముసలివాళ్ల ఆరోగ్యం అంటూ ఏవేవో కారణాలు చెబుతున్నారు. ఒక సంస్కృతిని మట్టుబెట్టేటప్పుడు చెడ్డ కారణాలు ఎవరు చెబుతారు లెండి. టోక్యోలో అద్దెకుంటున్న ఒక తెలుగువాడిగా ఈ చట్టాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను.

ఖండించడానికి నువ్వెవరని అడగొచ్చు. టోక్యోలోని నిషి కసాయ్‌లో నాలుగేళ్లుండి, ఆఫీసువాళ్లు పంపితే మూడేళ్లు న్యూజెర్సీలో కాపురం చేసి, మొన్న డిసెంబరులో మళ్లీ ఇక్కడ దిగినవాణ్ణి. న్యూజెర్సీలో బయట మోకాలిలోతు మంచున్నా ఇంట్లో లుంగీ, బనీనుతో తిరిగాను. ఏ గదికెళ్లినా ఒకటే వెచ్చదనం. అంచేత ఎవరి గది వాళ్లదే. అన్నానికి రమ్మని మా అబ్బాయికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాల్సి వచ్చేది.

టోక్యోలో మొదటి రోజు పొద్దున్నే హాల్లో తొమ్మిది డిగ్రీలుంది. వంటింట్లో నిలబడి మాట్లాడితే నోట్లోంచి పొగలొచ్చాయి. ఎండ పొడ తగులుతుందేమోనని బాల్కనీలోకి వెళ్తే అక్కడే కాస్త నయమనిపించింది. దాదాపు 700 ఏళ్ల కిందట ఇక్కడి సన్యాసి ఒకాయన, ఇల్లు ఎండాకాలాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టుకోవాలి, చలికాలం ఎక్కడున్నా గడిచిపోతుందని రాసిపెట్టాడు. మా అపార్ట్‌మెంట్ కట్టిన కాంట్రాక్టరు ఆయన మాట జవదాటలేదు.

ఇల్లంతా వేడిచేయడం దుబారా అని జపాన్‌వాళ్లు ఎప్పుడో గ్రహించారు. మనిషికి ఎక్కడెక్కడ అవసరమో అక్కడే వేడి ఇస్తారు. టాయిలెట్ సీటు వెచ్చగా ఉంటుంది. బనీను మీద అంటించుకునే వేడి పట్టీ ఉంటుంది, దాని పేరు కైరో. ఇక కాళ్లకు కొతాత్సు. పొట్టి బల్ల, దాని కింద కరెంటు హీటరు, పైన నాలుగు వైపులా వేలాడే బొంత, బొంత మీద మళ్లీ ఓ పలక. కాళ్లు లోపల పెట్టుకుని నేల మీద కూర్చోవాలి. నడుం కింద మే నెల, పైన జనవరి.

దీనికి నాలుగే వైపులు. ఒకవైపు నేను, ఒకవైపు మా ఆవిడ, ఇంకోవైపు మా అబ్బాయి. నాలుగోవైపు దోసెల పిండి. ఈ చలిలో పిండి పొంగాలన్నా, పాలు తోడుకోవాలన్నా, కొబ్బరినూనె కరగాలన్నా ఇంట్లో వేరే దిక్కులేదు మరి. ఒక రాత్రి మావాడు కాలు చాపితే పాదం సరాసరి పిండిగిన్నెలో దిగింది. మర్నాడు ఆ దోసెలు ఎవరికి పెట్టామన్నది మా కుటుంబ రహస్యం.

ఒకసారి కూర్చున్నాక లేవడమన్నది ఉండదు. బల్ల మీద మికాన్ అనే చిన్న కమలాల బుట్ట. వలుస్తూ, తింటూ, తొక్కలు పోగేస్తూ ఉండాలి. బుట్ట ఖాళీ అయితే ఎవరు లేవాలన్నది రాయి, కత్తెర, కాగితం ఆటే తేలుస్తుంది. "ఏవండీ, మీరు మగాళ్లు కదా" అంటుంది మా ఆవిడ. మగాళ్లకు చలేయదని ఏ శాస్త్రంలో ఉందో. ఏదైతేనేం, మూడేళ్ల తర్వాత మావాడు మా ఎదురుగా కూర్చున్నాడు. ప్రేమకొద్దీ కాదు, హీటరు ఒకటే ఉంది కనుక.

తిండి కూడా ఈ చలి చలవే. ఓదెన్ చూడండి. ముల్లంగి చక్రాలు, కోడిగుడ్లు పులుసులో గంటలకొద్దీ ఉడుకుతుంటాయి, వీధి మలుపులో ఉన్న షాపు కౌంటరు మీదే దొరుకుతుంది. వీడియో కాల్‌లో చూసి మా అత్తగారు "ముల్లంగి పులుసా బాబూ? మంచిదే, చలవ చేస్తుంది" అన్నారు. తొమ్మిది డిగ్రీల్లో నాకు ఇంకా చలవ చేయాలన్నది ఆవిడ దీవెన. ఆ పులుసు కాచింది ఎండుచేపతో అని మాత్రం నేను చెప్పలేదు, మీరూ చెప్పకండి.

స్నానాల సంగతి. డిసెంబరు 21, 22 ప్రాంతంలో, ఏడాదిలో పగలు అతి తక్కువగా ఉండే రోజున వేడినీళ్ల తొట్టిలో యూజు పండ్లు వేసుకుని మునుగుతారు. మన దబ్బపండు చుట్టమే అది. పచ్చడి పెట్టుకోవాల్సిన పండుతో స్నానమేమిటని మా ఆవిడ రెండు పండ్లు దాచేసింది. కుసాత్సు అనే వేడినీటి బుగ్గల ఊరు వెళ్తే అక్కడ ఊటనీళ్లే సలసలా కాగుతుంటాయి. చన్నీళ్లు కలిపితే మహిమ తగ్గిపోతుందట. అందుకని ఆడవాళ్లు వరసగా నిలబడి, పాటలు పాడుతూ పొడవాటి చెక్కలతో కలియతిప్పి చల్లారుస్తారు. నీళ్లు చల్లార్చడానికి అంత శ్రమ పడే దేశంలో హాలు వెచ్చబెట్టేవాడు లేడు.

ఇంట్లో చలిగదిలో బట్టలు విప్పి ఒక్కసారిగా వేడితొట్టిలో దిగడంతో బీపీ తలకిందులై చనిపోయే పెద్దవాళ్లున్నారన్నది నిజమే. స్నానాల తొట్లలో ఏటా వేలమంది వృద్ధులు పోతున్నారు. దానికి హీట్ షాక్ అని పేరు పెట్టి, జాగ్రత్తలు ముద్రించి పంచుతున్నారు. పేరు పెట్టాం, కాగితం పంచాం, ఇంకా గోడలు కూడా మార్చాలంటే ఎలా?

కొత్త సంవత్సరం మొదటి మూడు రోజుల్లో టోక్యోలోని మెయిజీ గుడికి దాదాపు 30 లక్షలమంది వస్తారు. అర్ధరాత్రి చలిలో క్యూ. తిరుమల కంపార్ట్‌మెంట్లలో పెరిగిన ప్రాణం కనుక క్యూ చూసి నేను జంకలేదు. కానీ ఇక్కడ ఒక్కడూ తోయడు. వెనకనుంచి తోపుడు లేకపోతే చలికాలంలో ఒంట్లో వేడెలా పుడుతుంది? ఫిబ్రవరి మొదట్లో సెత్సుబున్ అనే పండగ. "దెయ్యం బయటికి, అదృష్టం లోపలికి" అంటూ వేయించిన సోయా గింజలు విసరాలి. విసిరాం. దెయ్యమేమీ కదలలేదు. మా ఇంట్లో అది డిసెంబరులోనే ఖాళీచేసి వెళ్లిపోయి ఉంటుంది.

నా భయం ఊహ కాదు, సాక్ష్యం ఉంది. ఉత్తరాన హొక్కైదోలో ఇళ్లు ముందునుంచీ వెచ్చగా కడతారు. బయట మంచు కురుస్తుంటే లోపల ఐస్‌క్రీమ్ తింటారు. టోక్యో వచ్చి, ఇళ్లలో ఇంత చలేమిటని వణుకుతారు. కొతాత్సు అక్కడ పెద్దగా కనపడదు. వాళ్ల పిల్లల్ని అన్నానికి ఎలా పిలుస్తారో నాకు తెలుసు.

కాబట్టి చట్టాన్ని వెనక్కి తీసుకోవాలని మంత్రిగారికి విన్నపం రాశాను, ముగ్గురం సంతకాలు పెట్టాం. కవరు మాత్రం పక్కగదిలో ఉంది. రాయి, కత్తెర, కాగితం ఆటలో మావాడు ఓడిపోయాడు. అది నాలుగు రోజుల కిందటి మాట. వాడు ఇంకా లేవలేదు.