కీటోన్లు వేరు, కీటో డైట్ వేరు

రాత్రి అన్నం తిని పడుకుంటే, తెల్లారేసరికి మన కాలేయం కొవ్వును విరిచి, ఇంధనంగా పనికొచ్చే కీటోన్లు కొన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. లీటరుకు 0.1 నుంచి 0.3 మిల్లీమోల్ దాకా ఉంటాయి. వాటిని వాడుకునే ఎంజైమ్ కాలేయంలో లేదు. వండి పెట్టడమే దాని పని, తినేవి మెదడు, కండరాలు, గుండె.

ఆరోగ్యంగా ఉన్న గుండె ఎక్కువగా కొవ్వు ఆమ్లాల మీదే నడుస్తుంది. పంపింగ్ దెబ్బతిన్నాక ఈ లెక్క మారుతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు గుండె కండరంలోకి వెళ్లే రక్తాన్నీ, అందులోంచి తిరిగొచ్చే రక్తాన్నీ పక్కపక్కన పెట్టి ఏ ఇంధనం ఎంత ఖర్చయిందో కొలిచారు. 2020లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం ఇంధనంలో కీటోన్ల వాటా మామూలు గుండెలో 6.4 శాతం, బలహీనపడిన గుండెలో 16.4 శాతం.

అంతకు ఏడాది ముందు డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె పంపింగ్ బలహీనపడిన 16 మంది రోగులకు కీటోన్‌ను సెలైన్‌లా నరంలోకి ఎక్కించారు. రక్తంలో దాని స్థాయి 3 మిల్లీమోల్ దాటింది. గుండె నిమిషానికి పంపే రక్తం సుమారు 2 లీటర్లు పెరిగింది. మందులతో అంత తేడా రావడం చిన్న విషయం కాదు. ‘తక్కువ ఆక్సిజన్‌తో ఎక్కువ పని చేయించే ఇంధనం’ అన్న ప్రచారానికి మాత్రం ఈ ప్రయోగంలో మద్దతు దొరకలేదు. గుండె వాడిన ఆక్సిజన్ కూడా పెరిగింది, రక్తనాళాలు వదులయ్యాయి. మేలులో ఎంత ఇంధనం వల్ల, ఎంత నాళాలు వదులవడం వల్ల అన్నది తేలాల్సే ఉంది.

ఈ ఫలితాలు చూపించి కీటో డైట్‌ను గుండెకు మందుగా చెప్పడం సరికాదు. ఆర్హస్‌లో ఎక్కించింది కీటోన్‌ను, కొవ్వును కాదు. డైట్‌లో కీటోన్లు రావాలంటే పిండిపదార్థాన్ని రోజుకు 50 గ్రాముల లోపుకు దించి, కేలరీల్లో 70 శాతం దాకా కొవ్వు తినాలి. ఏ కొవ్వు అన్నది అక్కడ కీలకం. కొన్నేళ్ల కింద మన ఊళ్లలో పాకిన పద్ధతిలో రోజుకు 70 గ్రాముల కొబ్బరినూనె తాగినవాళ్లున్నారు. అందులో సుమారు 57 గ్రాములు సంతృప్త కొవ్వే. 2,000 కేలరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు దాదాపు 22 గ్రాములు. కొబ్బరినూనె కొవ్వులో సగం దాకా ఉండే లారిక్ ఆమ్లం చెడు కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. బరువు తగ్గిందని, షుగర్ దిగిందని సంబరపడేవాళ్లు మొదలుపెట్టే ముందొకసారి, మూడు నెలల తర్వాత మరోసారి లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష చేయించుకుని తీరాలి. ఎల్‌డీఎల్ బాగా పెరిగితే ఆ డైట్ ఆపాల్సిందే.

ఇంతకంటే నన్ను కలవరపెట్టేది డైట్‌కు మాత్రలు తోడవడం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు రక్తంలోని షుగర్‌ను మూత్రంలోకి పంపేస్తాయి. హార్ట్ ఫెయిల్యూర్‌లో నిజంగా మేలు చేసే మందులివి. 2015లో వచ్చిన ఎంపాగ్లిఫ్లోజిన్ అధ్యయనంలో గుండె జబ్బున్న షుగర్ రోగుల్లో హృదయ సంబంధ మరణాలు 38 శాతం తగ్గాయి. ఇవి కీటోన్లను కాస్త పెంచుతాయి కూడా. పేటెంట్లు తీరి ధర దిగాక మన దగ్గర చాలామంది వేసుకుంటున్నారు.

ఆ మాత్ర వేసుకుంటూ అన్నం మానేసినా, కటిక ఉపవాసం ఉన్నా, వాంతులతో పడకేసినా ఇన్సులిన్ ఇంకా పడిపోతుంది, కాలేయం కీటోన్లను అదుపు లేకుండా వదులుతుంది, రక్తం ఆమ్లమవుతుంది. దీన్నే కీటోఅసిడోసిస్ అంటారు. మామూలు కీటోఅసిడోసిస్‌లో గ్లూకోమీటర్ 300, 400 చూపించి హెచ్చరిస్తుంది. ఇక్కడ 180 చూపించవచ్చు. ‘షుగర్ బాగానే ఉందిగా, గ్యాస్ అయి ఉంటుంది’ అని ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు. వికారం, కడుపునొప్పి, ఆయాసంగా లోతైన శ్వాస ఉంటే అంకెను నమ్మకూడదు. మూత్రంలో కీటోన్లు చూసే పట్టీనీ పూర్తిగా నమ్మలేం, రక్తంలో ఎక్కువగా ఉండే బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్ అనే కీటోన్‌ను అది పసిగట్టలేదు. ఈ లక్షణాలున్నప్పుడు రక్తపరీక్షలో కీటోన్ 3 మిల్లీమోల్ దాటితే అత్యవసరమే.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో మాత్ర ఆపే విషయం డాక్టర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ముందుగా అనుకున్న ఆపరేషన్‌కైతే కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు. క్యాజువాలిటీకి వెళ్లాక మొదట చెప్పాల్సింది ఈ మాత్ర పేరే. అది తెలిస్తేనే షుగర్ తక్కువగా ఉన్నా డాక్టర్లు ఇన్సులిన్‌తో పాటు గ్లూకోజ్ సెలైన్ కూడా ఎక్కిస్తారు.