కాన్పు గదిలో నెత్తురుకు కొలత ఏది?

మా హనుమకొండ వైపు కాన్పు కబురు అందగానే ఇంట్లో పెద్దవాళ్లు ఆడబిడ్డా మగబిడ్డా అని అడిగి ఊరుకోరు. "నెత్తురు బాగా పోయిందా? ఎన్ని బట్టలు తడిసినయి?" అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ప్రపంచంలో తల్లుల ప్రాణాలు తీస్తున్న కారణాల్లో కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం ముందు వరుసలో ఉంది.

బాధేమిటంటే, పెద్ద పెద్ద కాన్పు గదుల్లోనూ చాలాచోట్ల ఈ లెక్క బట్టల దగ్గరే ఆగిపోయింది. కొంత నెత్తురు దూది పీల్చుకుంటుంది, కొంత ఉమ్మనీటిలో కలిసిపోతుంది, మిగిలింది మంచం కింది బకెట్‌లోకి జారుతుంది. సిస్టర్ ఒకసారి చూసి "మామూలే" అంటుంది. అర లీటరు దాటితే ప్రమాదమని ఆమెకు తెలుసు. కానీ ఆ అర లీటరు ఎప్పుడు దాటిందో కంటికి తెలియదు.

దీనికి దారి మన పక్క రాష్ట్రంలోనే దొరికింది. కర్ణాటకలోని బెళగావిలో కాన్పు రక్తస్రావంపై పరిశోధన చేసినవాళ్లు ఒక ప్లాస్టిక్ షీటు వాడారు. బిడ్డ బయటికి రాగానే తల్లి నడుము కింద పరుస్తారు. దాని కొస గరాటులా సన్నబడి మంచం అంచు నుంచి కిందికి వేలాడుతుంది. పోయిన నెత్తురంతా అందులోకి దిగుతుంది, పైన ఉన్న మిల్లీలీటర్ల గీతలు చూస్తే చాలు. షీటు చూపిన దానికంటే కంటి అంచనా మూడో వంతు దాకా తక్కువ చెబుతోందని అక్కడే తేలింది.

అసలైన రుజువు 2023లో వచ్చింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆస్పత్రుల్లో 2 లక్షల మందికి పైగా తల్లులపై అధ్యయనం చేశారు. అక్కడి పద్ధతి ఇది: షీటుతో కొలవడం, గీత దాటగానే గర్భసంచిని మర్దన చేయడం, గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, గడ్డకట్టిన నెత్తురు కరగకుండా ఆపే ట్రానెక్సమిక్ యాసిడ్, సెలైన్, లోపల ఎక్కడ చిరిగిందో పరీక్ష, అన్నీ ఒక్కసారే మొదలుపెట్టడం. మామూలు పద్ధతిలో రక్తస్రావం ఉన్న తల్లుల్లో సగం మందినే గుర్తుపడితే, ఈ పద్ధతిలో నూటికి 93 మందిని గుర్తుపట్టారు. తీవ్రమైన ముప్పు 60 శాతం తగ్గింది. ఇందులో కొత్త మందు ఒక్కటీ లేదు. నన్ను కదిలించింది అదే.

మన దగ్గర ఈ ఆలస్యం ఇంకా ప్రమాదం. ట్రానెక్సమిక్ యాసిడ్ కాన్పయిన 3 గంటల్లోపు ఇస్తేనే ప్రాణం నిలుపుతుందని 2017లో 20 వేల మంది తల్లులపై చేసిన పరిశోధన చెప్పింది. ఏటూరునాగారం నుంచి వరంగల్ రావాలంటే వంద కిలోమీటర్ల దారి. వానాకాలంలో వాగు పొంగితే ఆ 3 గంటలు దారిలోనే గడిచిపోతాయి. కాబట్టి గుర్తుపట్టడం, మందు ఎక్కించడం అక్కడే జరగాలి, బండి ఎక్కించే ముందే.

పైగా మన తల్లుల్లో రక్తం తక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. నిండుగా ఉన్న మనిషికి అర లీటరు పోవడం, ముందే పాలిపోయిన మనిషికి పోవడం ఒకటి కాదు. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అర లీటరు దాకా ఆగొద్దంది. 300 మిల్లీలీటర్లు పోయి బీపీ, నాడి తేడాగా ఉంటే వెంటనే కదలమంది.

రాష్ట్రం చేసిన మేలు తక్కువేం కాదు. ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు 2014-16లో 81గా ఉన్న తల్లుల మరణాలు 2018-20 నాటికి 43కు తగ్గాయి. అయితే ఒక చిక్కుంది. ఆఫ్రికా అధ్యయనం సహజ కాన్పుల మీద చేసింది. తెలంగాణలో అదే కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 60 శాతం కాన్పులు పెద్దాపరేషన్లు. ఆపరేషన్ టేబుల్ మీద నెత్తురు పీల్చే గొట్టంతో సక్షన్ సీసాలోకి, అద్దే గుడ్డల (మాప్‌ల) లోకి పోతుంది, ఉమ్మనీరూ అందులోనే. అక్కడ కొలత ఎలా? పైగా తర్వాతి కాన్పులో మాయ పాత కోత గాటుకు అతుక్కుపోతే, అప్పుడు పోయే నెత్తురు ఇంకో ఎత్తు.

ఈ ప్రశ్నకు జవాబు కోసం ఎక్కడికో చూడనక్కర్లేదు. వరంగల్‌లో 1959 నుంచి ఉన్న కాకతీయ మెడికల్ కాలేజీలో పీజీ విద్యార్థులు థీసిస్‌లు రాస్తూనే ఉంటారు. తర్వాతి బ్యాచ్‌లో ఒక్కరైనా ఈ పని ఎత్తుకోవాలి: ఆపరేషన్‌లో పోయిన నెత్తురును కొలవడం, కాన్పుకు ముందున్న హిమోగ్లోబిన్‌తో పోల్చడం, ఏ గీత దగ్గర మన తల్లి కుప్పకూలుతోందో తేల్చడం. ఈలోగా, కేస్ షీటులో రక్తస్రావం అన్న చోట "మామూలు" అని రాయడం ఆపి అంకె రాయడం రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.