సవరణ: నటించినంత మాత్రాన నల్లకోటు పోదు

చెన్నై టీనగర్‌లో ఉండే మా బాబాయి గురించి మొన్న ఒక పోస్టు రాశాను. అరవై దాటాక కూడా వాయిదాలున్న రోజు కోర్టుకు, లేని రోజు వడపళని వైపు సీరియల్ షూటింగుకు వెళ్తారాయన. లాయరు నటిస్తే ఎన్‌రోల్‌మెంట్, అంటే లాయరుగా ఉన్న నమోదు, వదులుకోవాలని అందులో రాశాను. అది తప్పు, ఎవరో చెప్పింది చూసుకోకుండా రాసేశాను.

లాయర్ల వృత్తికి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి వద్దనేది పూర్తికాలపు జీతం ఉద్యోగాన్ని, స్వయంగా నడిపే వ్యాపారాన్ని. బ్రాడ్‌కాస్టింగ్, పత్రికా రచన, పాఠాలు చెప్పడం లాంటివి చేసుకోవచ్చు. వృత్తికి అడ్డురాని పార్ట్‌టైమ్ పనికైతే రాష్ట్ర బార్ కౌన్సిల్ సమ్మతి కావాలి. నటన అని అందులో పేరుపెట్టి లేదు కాబట్టి ముందే రాసి అడగడం మేలని నా ఉద్దేశం. సీరియల్ పేరు చెప్పుకుని కేసులు పట్టడం మాత్రం కుదరదు, ప్రచారంపై నిషేధం ఉంది.

45 దాటితే లాయరుగా నమోదు కాలేరన్నదీ పాత మాటే. ఆ నియమాన్ని సుప్రీంకోర్టు 1995లోనే కొట్టేసింది.

ఇక, లాయర్లు సొంత అభిప్రాయాలే చెప్పకూడదని నేనన్నట్టు కొందరు అర్థం చేసుకున్నారు. నేనన్నది క్లయింటు నమ్మి చెప్పిన సంగతులు బయటపెట్టకూడదని. తుది తీర్పు వచ్చిన కేసుపై సహేతుకమైన వ్యాఖ్య కోర్టు ధిక్కారం కాదని 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 5వ సెక్షనే చెబుతోంది. మేకప్ రూములో ఎవరైనా "ఆ కేసేమైంది సార్" అంటే బాబాయి డైలాగు పేపరు తిరగేస్తూ కూర్చుంటారు. అది ఆయన పద్ధతి.

పాత పోస్టులో ఆ వాక్యాలు మార్చాను.