నొప్పి మందుల నిబంధనలు ఊరికే రాలేదు

ఆపరేషన్ తర్వాత నొప్పి మాత్రలు లెక్కపెట్టి ఇవ్వడం రోగిని హింసించడమే అని ఈ మధ్య చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. సగం ఒప్పుకుంటాను. నొప్పికి భయపడి దగ్గలేక, గట్టిగా ఊపిరి తీయలేక పడుకున్న మనిషికి కఫం చేరి న్యుమోనియా పట్టుకోవచ్చు, కాబట్టి ఓర్చుకో అనడం వైద్యం కాదు.

కానీ మార్ఫిన్ జాతి నొప్పి మందుకు డయాజెపామ్ లాంటి మత్తు మందు తోడైతే శ్వాస మందగిస్తుందండీ, గురకతో నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉన్నవాళ్లకైతే మరీను. ఈ జోడీ మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. టాన్సిల్స్ తీసిన పిల్లలకు ఒకప్పుడు కోడీన్ అనే నొప్పి మందు మామూలుగా రాసేవారు. అది కాలేయంలో మార్ఫిన్‌గా మారుతుంది, కొందరి శరీరం పుట్టుకతోనే ఆ పని మరీ వేగంగా చేసేస్తుంది, మోతాదు సరిగ్గానే ఇచ్చినా పిల్లలు చనిపోయిన సంఘటనలు బయటపడ్డాక 2013లో అదే ఎఫ్‌డీఏ టాన్సిల్స్ తీసిన పిల్లలకు కోడీన్ వాడొద్దంది. ఏ పిల్లాడి శరీరం అలాంటిదో చూసి ఎవరు కనిపెట్టగలరు చెప్పండి?

నా కోపమల్లా డిశ్చార్జి చీటీ మీద. "నొప్పి ఉంటే వేసుకోండి" అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు, రోజుకు ఎన్ని, ఎప్పుడు ఆపాలి అన్నది ఉండదు. పేర్లు వేరైన రెండు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉండొచ్చు, పెద్దవాళ్లకు రోజంతా కలిపి 4 గ్రాములు దాటకూడదు. రోజూ నిద్రమాత్ర వేసుకునేవాళ్లు, మద్యం తాగేవాళ్లు ఆ సంగతి ఆపరేషన్‌కు మత్తిచ్చే డాక్టరుకు ముందే చెప్పాలి, మొహమాటపడితే మోతాదు లెక్క తప్పుతుంది.