కాకి ఓడిపోయిందా?

ఇంటి ముందు వేపచెట్టు మీద కాకి గూడు ఉంది. ఓ ఉదయం దాని కిందే అన్నాచెల్లెళ్ల మధ్య వాదన మొదలైంది.

అన్న: చూశావా? మగకోకిల ఎదురుగా వచ్చి కూయగానే రెండు కాకులూ గూడు వదిలి దాని వెంటపడ్డాయి. ఈలోగా ఆడకోకిల, ఆ చుక్కల పిట్ట, ఆకుల చాటు నుంచి వచ్చి గుడ్డు పెట్టి వెళ్లే ఉంటుంది. ఇదీ ఒక కాపలాయేనా?

చెల్లెలు: కాపలాయే అన్నయ్యా. వీధి చివర మామిడి దాకా తరిమి కొట్టాయి. ఆ ముక్కు దెబ్బలకు భయపడే కదా కోకిల దొంగచాటుగా రావలసి వస్తోంది!

అన్న: వచ్చాక చేసేదేముంది? కోకిల గుడ్డు కాకి గుడ్డు కన్నా చిన్నది. అయినా కాకి దాన్ని పొదుగుతుంది. జాంబియాలో ప్రినియా అనే బుల్లిపిట్ట ఉంది. ఒక ఆడపక్షి గుడ్లు నీలంగా ఉంటే ఇంకోదానివి తెల్లగా, మరోదానివి ఎర్రగా ఉంటాయి. మచ్చలూ గీతలూ కూడా దేనివి దానివే. కోకిలలాగే పరాయి గూట్లో గుడ్లు పెట్టే కుకూ ఫించ్ అనే పిట్ట గుడ్డు వాటిలో కలవకపోతే ప్రినియా తీసి పారేస్తుంది. అంత చిన్న పిట్టకున్న చూపు కాకికి లేకపోయింది.

చెల్లెలు: ప్రినియాకు అది తప్పదు. కుకూ ఫించ్ పిల్ల పుట్టిందంటే దాని సొంత పిల్లలు దాదాపుగా బతకవు. కోకిల పిల్ల సాధారణంగా కాకి పిల్లలను గూటి నుంచి తోసెయ్యదు, వాటితో పాటే పెరుగుతుంది. అలాంటప్పుడు అనుమానపడి కాకి తన గుడ్డునే పారేసుకుంటే నష్టం ఎవరికి?

అన్న: పాటే పెరుగుతుందా! కోకిల గుడ్డు 12 నుంచి 14 రోజుల్లో పిల్ల అవుతుంది. కాకి గుడ్డుకు 16 రోజులైనా పడుతుంది. ముందు పుట్టింది ముందు నోరు తెరుస్తుంది. చివర పుట్టిన కాకిపిల్ల ఆకలితో చచ్చిపోతే అది చిన్న నష్టమా? నా బాధంతా దాని గురించే.

చెల్లెలు: కాదనను, అది నష్టమే. కానీ ప్రతి పక్షీ ఒకే చోట పోరాడాలని లేదు. ఆస్ట్రేలియా ఫెయిరీరెన్ పరాయి గుడ్డును పట్టుకోలేదు. దాని గూడు పైకప్పు ఉన్న చీకటి గూడు. అందుకని గుడ్లలో ఉన్న పిల్లలకే ఒక స్వరం నేర్పుతుంది. పుట్టాక మేత అడిగేటప్పుడు ఆ స్వరం పలకని పిల్లను తల్లి వదిలేసి పోతుందని 2012లో పరిశోధకులు వెల్లడించారు. కాకి పోరాటం గూటి బయట. అక్కడ ఓడితే ఓడినట్టే, గెలిస్తే మాత్రం గుడ్డు గొడవే లేదు.

అన్న: ఓడుతూనే ఉంది కనుకనే నిఘంటువులో కోకిల పరభృతమైంది, కాకి పరభృత్తు అయింది. ఒకటి పరులు పెంచినది, ఒకటి పరులను పెంచేది. కాకి పిల్ల కాకికి ముద్దంటారు. దానికి నోరు తెరిచిన ప్రతిదీ కాకి పిల్లే.

చెల్లెలు: ఆ ముద్దు లేకపోతే దాని సొంత పిల్ల మాత్రం ఎలా బతుకుతుంది? ఆగు, మగకోకిల మళ్లీ కూస్తోంది. చూడు, ఈసారి ఒక్క కాకే లేచింది. రెండోది గూటి మీద నుంచి కదలలేదు.